రూటింగు పట్టికలో ప్రమాణ విచారము

నెట్‌వర్కు స్విచ్చికి, తాను పంపివేయుచున్న ప్యాకెట్టు తుదకు ఏయే త్రోవలవెంట పోయి గమ్యమును చేరునో తెలియదు. దానికి తెలిసినదెల్ల ఒక్క మజిలీ మాత్రమే. ఈ విలాసమునకు పోవలసిన ప్యాకెట్టును ఈ ద్వారముగుండ ఈ పొరుగుయంత్రమునకు అప్పగింపవలెను, అటుపిమ్మటి భారము ఆ పొరుగుదానిది. ఇంతకు మించిన జ్ఞానము దానికి లేదు, అక్కఱయు లేదు. హైదరాబాదున బయలుదేరిన ప్యాకెట్టు కాలిఫోర్నియాను చేరులోపల ఎన్నియో యంత్రముల చేతులు మాఱును గాని, ఆ యంత్రములలో ఏ యొక్కదానికిని ఆ ప్రయాణము ఆద్యంతముగా గోచరింపదు. ఇట్లు పాక్షికజ్ఞానము గల యంత్రములు, ఒకదానిపై నొకటి అధికారము లేకయే, సమష్టిగా లోకమునంతటిని కలిపియుంచుట మన కాలపు శాస్త్రము సాధించిన మహాకార్యములలో నొకటియని నా దృఢవిశ్వాసము. ఆ పాక్షికజ్ఞానము వ్రాసియుంచబడిన తావునకే రూటింగు పట్టిక యని పేరు.

స్విచ్చులన్నిటికిని ఈ పట్టిక ఉండదు. సామాన్యమైన స్విచ్చి, అనగా ఈ వృత్తిలోనివారు లేయర్ 2 స్విచ్చి యని వ్యవహరించునది, ఏ పోర్టునుండి ఏ మ్యాక్ విలాసము వినవచ్చినదో గుర్తుంచుకొని ఆ పోర్టునకే ఫ్రేములను చేర్చుటతో తృప్తిపడును. ఒక కళాశాలలో గ్రంథాలయమున కొక వీలాన్, ప్రయోగశాలల కొకటి, వసతిగృహమున కొకటిగా నెట్‌వర్కును విభజించినపుడు, ఒక విభాగమునుండి మఱియొక విభాగమునకు ప్యాకెట్లను దాటించు పనికి లేయర్ 3 స్విచ్చి కావలసివచ్చును. పూర్వము రౌటరు చేయుచుండిన పనినే ఇది చేయును. చాల యంత్రములలో ఐపీ రూటింగ్ అను ఆజ్ఞనిచ్చి మేల్కొలిపినగాని ఆ శక్తి బయటపడదు. ఇట్లు దాటించునపుడు ప్యాకెట్టులోని గమ్యవిలాసము మాఱదు గాని, పైతొడుగు మీది మ్యాక్ విలాసములు ప్రతి మజిలీయందును క్రొత్తగా వ్రాయబడును. టీటీఎల్ అను అంకె ఒక్కొక్కటి చొప్పున తగ్గుచు సున్నను చేరినచో ప్యాకెట్టు పరిత్యజింపబడును; కావుననే పట్టికలు పొరపడి రెండు యంత్రములు ఒకదానికొకటి త్రోసికొనుచున్న ప్యాకెట్టు శాశ్వతముగా తిరుగాడక నశించును.

ఇక పట్టికను విప్పి చూతము. షో ఐపీ రూట్ అని అడిగినంతనే సిస్కో సంస్థవారి స్విచ్చి కొన్ని వరుసలను కనబఱచును. వానిలో ఒక వరుస ఇట్లుండుననుకొందము:

ఓ 10.20.0.0/16 [110/2] వయా 10.1.1.2, 00:14:32, వీలాన్10

ఈ చిన్న వరుసలో ఆఱు సంగతులు ఇమిడియున్నవి. /16 అనగా మొదటి పదునాఱు బిట్లు సరిపడవలెనని అర్థము; కావున 10.20 అను అంకెలతో మొదలగు విలాసములన్నియు, అనగా 65,536 విలాసములు, ఈ వరుస పరిధిలోనివి. ఆ మొత్తమునకు తదుపరి మజిలీ 10.1.1.2 అను పొరుగుయంత్రము. దానిని చేరుటకు వెడలవలసిన ద్వారము పదవ వీలాన్. ఈ మూడును ఎట్టివానికైనను సులభముగా బోధపడును. తక్కిన మూడు, అనగా మొదటి అక్షరము, కొక్కెములలోని రెండంకెలు, గడియారమువంటి ఆ కాలసూచిక, వీనియందే పట్టిక యొక్క అసలు స్వభావము దాగియున్నది. తొందరపడి చదువువారు దాటిపోవునవియు ఇవియే.

మన నైయాయికులు యథార్థజ్ఞానమునకు సాధనములుగా ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పిరి. వరుస మొదట నిలుచు అక్షరము, ఈ సంగతిని యంత్రము ఏ ప్రమాణముచేత ఎఱిగినదో తెలుపునదే. 'సి' అను అక్షరమున్నచో ఆ నెట్‌వర్కు తనకు నేరుగా తగులుకొనియున్నది, తీగె తన పోర్టులోనే యున్నది, ఇది ప్రత్యక్షము. దానివెంటనే 'ఎల్' అక్షరముతో /32 అను తోకగల వరుస కనబడును. అది ఆ నెట్‌వర్కులో స్విచ్చి ధరించిన స్వకీయ విలాసము. 'ఎస్' అను అక్షరము నిర్వాహకుడు స్వహస్తముతో వ్రాసిన శాసనమునకు గుర్తు, అనగా ఆప్తవాక్యము. అయితే ఆప్తుడు ఒకమారు చెప్పి ఊరకుండును. దూరమున నాలుగవ మజిలీలో తీగె తెగినను, తన ద్వారము తెఱచియున్నంతకాలము ఆ శాసనము పట్టికలో నిశ్చలముగా నిలిచియుండి ప్యాకెట్లను అగాధమునకు పంపుచునేయుండును.

'ఆర్' అను అక్షరము రిప్ అను పద్ధతికి, 'ఓ' అను అక్షరము ఓఎస్‌పీఎఫ్ అను పద్ధతికి చిహ్నములు. ఈ రెండును యంత్రములు తమలో తాము మాటాడుకొని దారుల నెఱుగు పద్ధతులే యైనను, వానికి గల భేదము సామాన్యమైనది కాదు. రిప్ పద్ధతిలో పొరుగుయంత్రము ముప్పది సెకండ్లకొకమారు తన పట్టికను చదివి వినిపించును. విన్న యంత్రము పొరుగువాని మాటను నమ్మి, దూరమునకు ఒకటి చేర్చి, తన పట్టికలో వ్రాసికొని, తాను మఱియొకరికి వినిపించును. ఇది కేవలము శబ్దప్రమాణము. పదునైదు మజిలీలకు మించిన దూరమును ఇది లెక్కింపదు. పదునాఱనగా దానికి అనంతమే. ఓఎస్‌పీఎఫ్ పద్ధతిలోనో, ప్రతియంత్రమును తనకు నేరుగా తెలిసిన సంబంధములను మాత్రమే, అనగా నాకు ఫలానావాడు పొరుగు, మా నడుమ వ్యయమింత, అని చాటును. ఆ సాక్ష్యములన్నిటిని ప్రోగుచేసికొని, ఆ ప్రదేశపు పటమును తన జ్ఞాపకములో నిర్మించుకొని, అన్నిటికంటె తక్కువ వ్యయముగల దారిని ప్రతియంత్రమును తానే గణించుకొనును. కావున ఇది అనుమానము.

ఆ గణనకు ఆధారమైన యుక్తిని డచ్చి దేశీయుడగు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఒక కాఫీశాల ముంగిట కూర్చుండి, కాగితము కలము లేకయే, ఇరువది నిమిషములలో ఊహించెను; 1959లో మూడు పుటల వ్యాసముగా ప్రకటించెను. రోటర్‌డామ్‌నుండి గ్రోనింగెన్‌నకు దగ్గఱి దారి యేది యను ప్రశ్నతో పుట్టిన ఆ యుక్తియే, నేడు మన కళాశాలల స్విచ్చులలో, ఏ తీగె తెగినను తిరిగి నడచుచున్నది.

వినికిడిని నమ్ముటలోని ప్రమాదము నెట్‌వర్కుల బాల్యముననే బయటపడినది. అమెరికాదేశపు ఆర్పానెట్, ఇప్పటి ఇంటర్నెట్టునకు మాతృక, తొలిదినములలో పొరుగువాని దూరములను విని నమ్ము పద్ధతినే అవలంబించెను. హార్వర్డు విశ్వవిద్యాలయములోని యంత్రమున జ్ఞాపకభాగము చెడి, సర్వగమ్యములకును నా దూరము సున్న యని అది చాటగా, తక్కిన యంత్రములు ఆ మాటను నమ్మి ప్యాకెట్లను అటే మళ్లించినవి; ఆ ప్యాకెట్లు అందులో మునిగిపోయినవి. ఆ యంత్రము అబద్ధమాడవలెనని ఆడలేదు, విన్నవి తప్పుచేయలేదు. పద్ధతిలోనే విచారణ లేదు. పిమ్మట ఆర్పానెట్టువారు పటమును నిర్మించుకొను పద్ధతికి మాఱిరి.

ఒకే నెట్‌వర్కును గూర్చి రెండు పద్ధతులు రెండు దారులు చెప్పినచో ఎవరిని నమ్మవలెను? కొక్కెములలోని మొదటి అంకె ఇందులకు ఉత్తరము. దీనికి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అని పేరు గాని ఇది దూరము కాదు. నమ్మకమునకు కొలత, అంకె చిన్నదైనకొలది నమ్మకము పెద్దది. ప్రత్యక్షమునకు 0, శాసనమునకు 1, ఓఎస్‌పీఎఫ్‌కు 110, రిప్‌కు 120. ప్రత్యక్షము అన్నిటికంటె బలవత్తరము, ఆప్తవాక్యము తదనంతరము, విచారించి తెలిసికొన్నది వినికిడికంటె మేలు. ఈ తారతమ్యమును మన తార్కికులును కాదనరు. అయితే ఈ అంకెలు ప్రకృతిసిద్ధములు కావు. జూనిపర్ సంస్థవారి యంత్రములలో శాసనమునకు 5, ఓఎస్‌పీఎఫ్‌కు 10 అని లెక్క. రెండవ అంకె మెట్రిక్, అనగా ఒకే పద్ధతి చెప్పిన దారులలో వ్యయభేదము. మన వరుసలోని 2 అనగా ఇచటినుండి పొరుగునకు ఒకటి, పొరుగునుండి ఆ నెట్‌వర్కునకు ఒకటి. రిప్‌వారి రెండును ఓఎస్‌పీఎఫ్‌వారి రెండును సమానములని తలపరాదు. ఒకరిది మజిలీల లెక్క, రెండవవారిది తీగెల వేగమునుబట్టి కట్టిన వెల.

ఇచట జ్ఞాపకముంచుకొనదగిన సంగతి యొకటి కలదు. పట్టికలో కనబడునది గెలిచిన దారి మాత్రమే. నిర్వాహకుడు ముందుచూపుతో 250 అను బలహీనమైన అంకెనిచ్చి వ్రాసియుంచిన శాసనము, ఓఎస్‌పీఎఫ్ దారి బ్రతికియున్నంతకాలము పట్టికలో ఎక్కడను కనబడదు. ఆ దారి పడిపోయిన క్షణమున పైకి వచ్చును. పట్టికలో లేదు గనుక యంత్రములో లేదనుకొనుట తప్పు.

కాలసూచికను గూర్చి గ్రంథములు క్లుప్తముగా చెప్పి విడుచును గాని, రోగనిదానమునకు నాడివలె పనికివచ్చునది అదియే. 00:14:32 అనగా ఆ వరుస చివరిమారు మాఱి పదునాలుగు నిమిషముల ముప్పదిరెండు సెకండ్లయినదని అర్థము. ఓఎస్‌పీఎఫ్ వరుస నెమ్మదిగల నెట్‌వర్కులో దినములు, వారములు ముదిరియుండవలెను. చూచినప్పుడెల్ల అది కొన్ని సెకండ్ల ప్రాయముననే యున్నచో, ఎక్కడనో ఒక తీగె పడుచు లేచుచున్నది, ప్రతిమారును గణన తిరిగి జరుగుచున్నది. రిప్ వరుస విషయము దీనికి పూర్తిగా తలక్రిందులు; దాని ప్రాయము ముప్పది సెకండ్లలోపల ఉండుటయే ఆరోగ్యము, రెండు నిమిషములు దాటినదనగా పొరుగువాడు మాటాడుట మానినాడని తెలియవలెను. ఒకదానియందు వార్ధక్యము శుభలక్షణము, వేఱొకదానియందు రోగలక్షణము.

ఇంతవరకు చెప్పినది పట్టికలో వరుసలెట్లు చేరునో ఆ విధానము. ప్యాకెట్టు వచ్చినపుడు ఆ వరుసలలో దేనిని ఎన్నుకొనవలెనను ప్రశ్నకు మాత్రము నియమము వేఱు. నేర్చుకొనువారు తఱచుగా తడబడు చోటిదే. 10.20.5.77 అను విలాసమునకు ప్యాకెట్టు వచ్చినది. పట్టికలో ఓఎస్‌పీఎఫ్ చెప్పిన 10.20.0.0/16 కలదు, రిప్ చెప్పిన 10.20.5.0/24 కలదు. ఓఎస్‌పీఎఫ్ నమ్మకమైనది కదా, 110 కదా, అని మొదటి వరుసను ఎన్నుకొందుమా? కూడదు. ఆ రెండును వేర్వేఱు నెట్‌వర్కులుగా పరిగణింపబడి, తమలో పోటీలేకయే పట్టికలో ప్రవేశించినవి. ఇక ప్యాకెట్టునకు ఎక్కువ బిట్లు ఏ వరుసతో సరిపడునో ఆ వరుసయే గెలుచును. 16 బిట్లకంటె 24 బిట్లు ఎక్కువ. కావున రిప్ వరుసయే పాటింపబడును. యంత్రము నమ్మకమును ప్రవేశద్వారమువద్ద మాత్రమే అడుగును. లోపలికి వచ్చిన పిమ్మట సూక్ష్మతయే సర్వాధికారి. ఈ నియమమును గ్రహింపక పట్టికను ఎన్నిమార్లు చదివినను చదివినట్లు కాదు.

ఈ నియమము ఎంతటి పని చేయగలదో 2008 ఫిబ్రవరి 24న లోకమంతయు చూచినది. యూట్యూబు సంస్థవారు 208.65.152.0/22 అను వరుసను జగత్తునకు చాటుచుండిరి. /22 అనగా మొదటి ఇరువదిరెండు బిట్లు సరిపడిన చాలును: 208, 65 అను రెండంకెలకు పదునాఱు బిట్లు పోగా, మూడవ అంకెలో ఆఱు మిగులును. 152ను బిట్లలో వ్రాసిన 10011000 అగును, 153ను వ్రాసిన 10011001 అగును. మొదటి ఆఱు బిట్లు, 100110, రెండింటను ఒకటియే. ఇట్లు 152 మొదలు 155 వఱకు నాలుగంకెలును ఆ వరుసలో ఇమిడియుండెను. యూట్యూబును తమ దేశములో నిలుపవలసినదని ప్రభుత్వపుటాజ్ఞ రాగా, పాకిస్తాన్ టెలికాంవారు 208.65.153.0/24 అను వరుసను కల్పించిరి. ఆ వరుస తమ నెట్‌వర్కులోనే నిలువక, పీసీసీడబ్ల్యూ అను సంస్థ ద్వారా వెలికి వెడలి, అంతర్జాతీయ కాలమానమున 18 గంటల 47 నిమిషములకు లోకమున వ్యాపింపసాగెను. ఖండాంతరములలోని యంత్రములు ఇరువదిరెండు బిట్ల అసలు వరుసను, ఇరువదినాలుగు బిట్ల క్రొత్త వరుసను ప్రక్కప్రక్కన ఉంచుకొని, సూక్ష్మమైనది క్రొత్తది గనుక యూట్యూబు ప్యాకెట్లను పాకిస్తానునకు పంపినవి. 20 గంటల 7 నిమిషములకు యూట్యూబువారును /24 వరుసను చాటిరి. అది సరిసమానమగుటచే కొందఱికే పనిచేసెను. పదునొకండు నిమిషముల పిమ్మట అంతకంటె సూక్ష్మములైన రెండు /25 వరుసలను చాటిరి. 21 గంటల 1 నిమిషమునకు పీసీసీడబ్ల్యూవారు ఆ తప్పుడు వరుసను ఉపసంహరించిన పిదప గాని ఉపద్రవము తొలగలేదు. ఎవరి యంత్రమును చెడలేదు, ఏ తీగెయు తెగలేదు. పట్టికలన్నియు తమ నియమమును తుచ తప్పక పాటించినవి. చాటువానికి ఆ విలాసములపై హక్కు కలదా యని అడుగు ఆచారము నాడు లేకపోవుటయే లోపము. విలాసముల స్వామ్యమునకు సంతకముచేసిన పత్రములను చూచి వరుసలను పరీక్షించు ఆర్‌పీకేఐ అను పద్ధతి తరువాతి కాలమున ఏర్పడి, ఇప్పటికిని క్రమముగా వ్యాపించుచున్నది.

ఏ వరుసయు సరిపడనపుడు పనికివచ్చునది 0.0.0.0/0 అను వరుస. దానితో సరిపోల్చవలసిన బిట్టు ఒక్కటియు లేదు. కావున సర్వవిలాసములును దానికి సరిపడును, మఱి యే వరుస యున్నను అది ఓడిపోవును. కళాశాల స్విచ్చిలో ఇంటర్నెట్టునకు పోవు త్రోవ సాధారణముగా ఇదియే. దీనిని మఱచిన స్విచ్చి తెలియని విలాసమునకు వచ్చిన ప్యాకెట్టును నిర్దాక్షిణ్యముగా పాఱవేయును.

ఇంత విచారణ ఎంత కాలములో జరుగవలెను? సెకండునకు వేయికోట్ల బిట్లను మోయు పోర్టుగుండ, ప్యాకెట్లు మిక్కిలి చిన్నవైనచో, సెకండునకు కోటి నలువదియెనిమిది లక్షలకు పైగా రాగలవు. ఒక్కొక్కదానికి దొరకు వ్యవధి సుమారు 67 నానోసెకండ్లు. వరుసల నొకటొకటిగా వెదకుటకు వ్యవధి ఎక్కడిది? కావున మంచి స్విచ్చులలో టీక్యామ్ అను జ్ఞాపకభాగము అమర్చబడియుండును. దాని ప్రతిగడియును 0, 1 అను రెండు విలువలకు తోడు, ఏదైనను సమ్మతమే యను మూడవ విలువను ధరింపగలదు. విలాసమును చూపినంతనే వరుసలన్నియు ఏకకాలమున తమతో సరిచూచుకొని, సరిపడినవానిలో సూక్ష్మమైనది జవాబు చెప్పును. ఇట్టి జ్ఞాపకభాగము వెల హెచ్చు, విద్యుత్తును హెచ్చుగా త్రాగును, గదుల సంఖ్య పరిమితము. 2014 ఆగస్టు 12న ప్రపంచపు వరుసల సంఖ్య 512 వేలను దాటినపుడు, అంతకుమించి చోటు కేటాయింపని పాతయంత్రములు ఎన్నియో తడబడినవి, పలుచోట్ల ఇంటర్నెట్టు మందగించినది. నేడు ఆ సంఖ్య తొమ్మిది లక్షలకు పైబడియున్నది. కళాశాల స్విచ్చికి అంత పట్టిక అక్కఱలేదు గాని, దాని గదులును లెక్కించి ఇచ్చినవే. స్విచ్చిని కొనునపుడు పోర్టుల సంఖ్యను మాత్రమే చూచి, పట్టిక ఎన్ని వరుసలను పట్టునో అడుగకుండుట అవివేకము.

దీనినుండియే మఱియొక సంగతి తేలుచున్నది. మనకు తెరపై కనబడునది ప్రధాన ప్రాసెసరు వ్రాసికొన్న పట్టిక. ప్యాకెట్లను నిజముగా నడపునది దానినుండి టీక్యామ్‌లోనికి దింపబడిన ప్రతి. గదులు నిండిపోయినను, దింపుటలో దోషము కలిగినను, ఈ రెండును భేదించును. అపుడు తెరపై దారి సలక్షణముగా కనబడుచుండును, ప్యాకెట్లు మాత్రము చేరవు. ఆ రెండవ ప్రతిని చూపుటకు వేఱు ఆజ్ఞలు కలవు. అనుభవజ్ఞులు సందేహము కలిగినపుడు రెండింటిని సరిచూతురు.

ఈ అధ్యాయమును చదివి తమ స్విచ్చి యెదుట కూర్చుండబోవు యువనిర్వాహకులకు చెప్పదలచినది ఒక్కటి కలదు. పట్టికను మొదటినుండి తుదివరకు చదువనక్కఱలేదు. చేరని ప్యాకెట్టు గమ్యవిలాసమును చేతబట్టుకొని, దానితో అన్నిటికంటె ఎక్కువ బిట్లు సరిపడు వరుసను వెదకి, ఆ వరుసయొక్క అక్షరమును, ప్రాయమును చూచి, అది చూపిన తదుపరి మజిలీకి పోయి అచటి పట్టికలోను అట్లే వెదకవలెను. గమ్యమును చేరిన పిమ్మట ఆగిపోరాదు. పోయిన ప్యాకెట్టునకు ప్రత్యుత్తరము రావలెను గదా. ఆ ప్రత్యుత్తరమునకు మీ విలాసమే గమ్యము, దాని దారిని నిర్ణయించునది మీ పట్టిక కాదు, ఆవలివాని పట్టిక. మీ స్విచ్చిలో వరుసలన్నియు నిర్దుష్టములుగా నుండి, పింగ్ మాత్రము పలుకనపుడు, ఆవలి స్విచ్చిలో మీ నెట్‌వర్కునకు వరుస కలదో లేదో ముందు చూడుడు.